గ్లేర్ అనుకున్నాను

జూన్ 4

ఏడో నెల నిండకుండానే మా బొండాం పాకేస్తోంది. ఆయన ఆఫీసు నుంచి రాగానే ఫ్లాష్ వేసి బోలెడు ఫోటోలు కొట్టాడు. అన్నింట్లోనూ కుడి కంటిపాప తెల్లగా పడింది. ఇదేంటని అడిగాడు. గ్లేర్ అన్నాను, వెలుగు తగిలి మెరిసిందంతే. కళ్ళజోళ్ళ షాపులో పొద్దస్తమానం గ్లేర్ గురించి చెప్పి కోటింగ్ అమ్మేదాన్ని, నాకు తెలియదా!

జూన్ 5

గ్లేర్ అద్దాలకి వస్తుంది. పిల్లకి అద్దాలేవి?

జూన్ 6, మధ్యాహ్నం

పిల్లని షాపుకి తీసుకెళ్ళాను. అక్కడ కళ్ళు పరీక్ష చేసే మేడమ్ టార్చి వేసి చూసింది. టార్చి ఆర్పి, మళ్ళీ వేసి చూసింది. పెద్దాసుపత్రికి ఇవాళే వెళ్ళమంది. నా ఎడమ కన్ను ఎలా పోయిందని అడిగింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు. చిన్నప్పుడు పుల్ల గుచ్చుకుందన్నాను. అమ్మ నాకు చెప్పిందీ అదే.

జూన్ 9

రెటినోబ్లాస్టోమా. పసిపిల్లల కంట్లో వచ్చే క్యాన్సర్. పేరు డాక్టరు చీటీ చూసి రాశాను.

మత్తిచ్చి రెండు కళ్ళూ చూశారు. కుడి కన్ను గడ్డతో నిండిపోయిందట, తీసేయాలట. ఎడమ కంట్లో ఆవగింజంత మచ్చ. దాన్ని కాపాడొచ్చేమో అన్నారు. ఆ ఒక్కటీ నిలిస్తే చాలు.

డాక్టరు నా ప్లాస్టిక్ కన్ను చూసి, కన్ను పోయినప్పుడు నా వయసెంతని తోడొచ్చిన అమ్మని అడిగాడు. అమ్మ పుల్ల కథ ఎత్తుకుంది. మళ్ళీ అడిగితే పది నెలలంది. పది నెలల పిల్లకి పుల్ల ఎక్కడిదని ఆయన మెల్లగానే అడిగాడు. అప్పుడు చెప్పింది అమ్మ అసలు సంగతి.

నాకూ ఇదే గడ్డట. ప్రాణం దక్కాలని కన్ను తీయించారట. జబ్బు పేరెత్తితే మళ్ళీ వస్తుందని నాన్న భయపడి, ఇంట్లో పుల్ల మాట ఖాయం చేశాడట. నాన్న పోయినా అమ్మ ఆ మాట వదల్లేదు.

ఏ పదిహేను, ఇరవై వేల మందిలోనో ఒక్కరికి వచ్చే జబ్బట. నా ఒంట్లో పుట్టుకతోనే ఒక జీన్ చెడి ఉంటే మాత్రం, నాకు పుట్టే ప్రతి బిడ్డకీ బొమ్మా బొరుసే. ముందే తెలిసుంటే పుట్టిన వారంలోనే కళ్ళు చూసి, చిన్నగా ఉన్నప్పుడే లేజర్‌తో కాల్చేవాళ్ళట.

అమ్మ మొహం చూడబుద్ధి కావడం లేదు.

జూన్ 10

నీకు ముందే తెలుసా అని ఆయన అడిగాడు. లేదన్నాను. నమ్మాడో లేదో.

జూన్ 17

కుడి కన్ను తీసేశారు. ఎడమ కంటికి లేజర్ చేశారు, కీమో కూడా మొదలవుతుంది. ఆయన బొండాన్ని భుజాన వేసుకుని వార్డంతా తిరిగాడు. మధ్యలో నా దగ్గర ఆగి, నిన్ను అలా అడిగుండాల్సింది కాదన్నాడు. అంతసేపూ ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది.

జూలై 14

నాకూ పిల్లకీ చేసిన రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. ఆ చెడిన జీన్ నాదే. నా ముక్కు రాలేదు, నా జుట్టు రాలేదు, ఏరికోరి ఇదే తీసుకున్నావేమే తల్లీ!

అమ్మ రోజూ వచ్చి వరండాలో కూర్చుంటోంది. నేను మాట్లాడటం లేదు.

ఆగస్టు 20

ఎడమ కంట్లో మచ్చ మాడిపోయింది. కొత్తవి లేవు. నెలనెలా చూపించాలి.

నన్ను తిట్టవే అంది అమ్మ. తిట్టాను. గొంతు పోయేదాకా తిట్టాను. బొండాం ఆ ఒక్క కంటితో మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తూనే ఉంది.