కలవని సున్నం బొట్లు

1988 ఆగస్టు 12, శుక్రవారం

కాలువ కట్ట ఫొటోలు ఈరోజు కడిగించాను. ఏప్రిల్‌లో తీసిన నెగెటివ్ మీద, అదే చోట నిలబడి మొన్న తీసినది పెట్టి వెలుతురుకు పట్టి చూశాను. వెనకాల గుట్ట మీది బండ సరిగ్గా కలిసింది. కట్ట కదులుతోందో లేదో తెలియడానికి దాని రాళ్ల మీద నేను పెట్టిన సున్నం బొట్లు మాత్రం కలవలేదు, అన్నీ కింది ఇళ్ల వైపు జరిగాయి. కెమెరా కదిలిందేమోనని స్టూడియో ఖలీల్ భాయిని ఆశగా అడిగాను.

"కెమెరా కదిలితే బండ గూడ కదలాలె గద సార్," అన్నాడు.

కట్ట కింద మొదటి ఇల్లు మల్లవ్వది. పోయిన నెల తలుపు పడతలేదని ఆమె అంటే, వానకు చెక్క ఉబ్బిందని, వడ్లాయనతో చెక్కించమని చెప్పింది నేనే. ఉబ్బింది చెక్క కాదు, జరిగింది గోడ.

సాయంత్రం ఎదురొస్తే సంగతి చెబుదామని ఆగాను. ఆమే ముందుగా అంది: "నువ్వు చెప్పినట్టే చెక్కించిన బిడ్డా. ఇప్పుడు తలుపు మంచిగ పడ్తాంది. ఫికర్ లేకుండ పండుకుంటున్న."