దీపం అక్కర్లేనివాడు

రేపల్లె,
15-7-1996, సోమవారం.

చిరంజీవి పూర్ణచంద్రరావుకు, నీ పాత తెలుగు మాస్టారు ముత్తయ్య ప్రభువు పేరట దీవించి రాయునది. నువ్వూ మీ అమ్మగారూ బాపట్లలో కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ నేనూ, మీ అన్నమ్మ పిన్నీ, బర్నబాసూ క్షేమం. వానలు ముఖం చాటేశాయి, నారుమళ్ళు బీటలు తీస్తున్నాయి. మీ వైపు ఎలా ఉందో రాయి.

కవరు మీద నా దస్తూరి చూసి, ఈ వారం ఆటలో ఏం చెయ్యాలో బర్నబాసు రాయించిన ఉత్తరం అనుకుని ఉంటావు. కాదు. ఇది వాడికి తెలియకుండా రాస్తున్నది. వాడు అరుగు మీద కూర్చుని రేడియోలో వార్తలు వింటున్నాడు. నేను లోపల బియ్యం డబ్బా మీద కాగితం పెట్టుకున్నాను. ముప్ఫై రెండేళ్ళు పిల్లకాయలకు చదువు చెప్పినవాణ్ణి, ఇవాళ పిల్లకాయలాగే దాక్కుని రాస్తున్నాను.

జనవరిలో నువ్వు రాసిన ఉత్తరం నా దగ్గర భద్రంగా ఉంది. కాలేజీలో కంప్యూటరు గది చూసుకునే ఉద్యోగం దొరికిందనీ, శనివారం సాయంత్రం పని అయ్యాక టెలిఫోను తీగ మీదుగా ఎక్కడో సముద్రాల అవతలి కంప్యూటరుతో కలిపి ఒక గంటసేపు ఆట ఆడుకోవచ్చుననీ రాశావు. అందులో బొమ్మలుండవు, అంతా అక్షరాలే. నువ్వు గుహ ముందు ఉన్నావు, ఎడమ పక్క నీళ్ళ చప్పుడు వినబడుతోంది అని తెర మీద వస్తుంది. ఏం చేస్తామో మనం రాస్తే అది జరుగుతుంది. దేశదేశాలవాళ్ళు అందులో తిరుగుతుంటారు. బర్నబాసు కోసం ఒక మనిషిని నిలబెడతాను, వాడేం చెయ్యాలో ఉత్తరం రాయించండి మాస్టారూ, నేను టైపు చేసి, ఏం జరిగిందో తెలుగులో రాసి పంపుతాను అన్నావు.

ఆ ఉత్తరం వాడికి చదివి వినిపించాను. వాడు విని, అయితే అక్కడ అందరూ నాలాంటివాళ్ళే గదండీ నాన్నగారూ, గుహ ఎవరికీ కనపడదు, చెబితే వినాల్సిందే అన్నాడు. తెనాలి షెడ్డులో బ్యాటరీ పేలి యాసిడ్ కళ్ళలో పడి అప్పటికి ఏడాదిన్నర. ఆ ఏడాదిన్నరలో వాడు ఉత్సాహంగా అన్న మొదటి మాట అది.

ముందు ఏ రకం మనిషో ఎంచుకోవాలనీ, ఎంచుకున్నాక మార్చుకోవడం కుదరదనీ నువ్వు నాలుగు రకాలు రాశావు. యోధుడు, యాజకుడు, మంత్రగాడు, దొంగ. ఎవరికేం చేతనవునో కూడా విడమరిచి రాశావు. వాడు నాలుగు రోజులు గడువు అడిగాడు. ఏ చొక్కా తొడుక్కోవాలో, ఎప్పుడు గడ్డం గీయించుకోవాలో అన్నీ మేం చెప్పడమే గాని, వాడు తనంతట తాను తేల్చుకోవలసిన సంగతి ఒక్కటి వచ్చి ఎన్నాళ్ళయిందో. అన్నం దగ్గర కూడా అదే ధ్యాస. అయిదో రోజు పొద్దున్నే నన్ను పిలిచి, నాన్నగారూ, దొంగ అని రాయండి అన్నాడు. వాడికి దీపం అక్కర్లేదండీ, చీకట్లోనే నడుస్తాడు, తలుపవతల అడుగుల చప్పుడు వింటాడు, తాళాన్ని వేళ్ళతో తడిమి తీస్తాడు, ఇవన్నీ నాకు వచ్చేసినయ్యి గదా అన్నాడు. పేరు మాత్రం ముత్తయ్య అని పెట్టమనండి అని నవ్వాడు. దొంగ ముత్తయ్య!

నేను యాజకుడు అని రాశాను.

తిట్టదలుచుకుంటే తిట్టు. నువ్వూ వాడూ ఒకే బల్ల మీద కూర్చుని నా దగ్గర ఉక్తలేఖనం రాసినవాళ్ళే. చెప్పింది చెప్పినట్టు రాయండిరా, మీ సొంత తెలివి ఎవడడిగాడు అని బెత్తం ఝుళిపించేవాణ్ణి. ఆ బెత్తం ఇప్పుడు నా వీపు మీద పడాలి. ప్రతి ఆదివారం చర్చిలో వాక్యం చదివేవాణ్ణి, నా కొడుకు దొంగ అని నా చేత్తో రాయడానికి కలం కదల్లేదు. ఉత్త ఆటే కదా, వాడికెలా తెలుస్తుంది అనుకున్నాను. సిలువ మీద ప్రభువు పక్కన ఉన్నదీ దొంగలే కదా అని ఇప్పుడు తోస్తోంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

అక్కణ్ణుంచి ఒక అబద్ధానికి పది అబద్ధాలు కాపలా పెట్టాల్సి వచ్చింది. వాడు చీకటి గదిలోకి వెళ్ళు అని చెబితే, దీపం పట్టుకుని అన్న ముక్క నేను కలిపి రాసేవాణ్ణి. యాజకుడు బాటసారి గాయానికి కట్టు కట్టాడు అని నువ్వు రాస్తే, బాటసారి నడుముకున్న తాళంచెవి కొట్టేశాడు అని నేను చదివేవాణ్ణి. అరవై దాటాక దొంగతనాలు కల్పించడం నాకు బాగానే అబ్బింది. అన్నమ్మ ఒకసారి నీ ఉత్తరం తీసి చూసింది. ఏంటండీ ఈ పాపం అంది. మళ్ళీ అడగలేదు. అడిగినా బాగుండేది.

జూన్ నెలాఖర్లో నాకు జ్వరం తగిలి వారం రోజులు మంచం మీద ఉన్నాను. పక్కింటి సుశీల వచ్చి, వాడు చెబుతుంటే రాసి పోస్టు చేసిపెట్టింది. దీపముంటే ఆర్పేసి పాడుబావిలోకి దిగు అన్నాడట. ఆ పిల్ల చెప్పింది చెప్పినట్టు రాసింది.

నీ జవాబు మొన్న గురువారం వచ్చింది. యాజకుడు చీకట్లో మెట్టు తప్పి బావి అడుగున పడ్డాడనీ, కాలు విరిగిందనీ, ఈ నెలాఖరుదాకా అక్కడే ఉంటే ప్రాణం పోతుందనీ రాశావు. ఏ దిక్కుకు వెళ్ళమని టైపు చేసినా నీకేమీ కనిపించడం లేదు అన్న ఒక్క మాటే తిరిగొస్తోందన్నావు. యాజకుడివై ఉండి దీపం ఎందుకు ఆర్పావురా అని వాణ్ణి అడిగావు. నీకేమీ కనిపించడం లేదు అన్నచోట నా చూపు ఆగిపోయింది. వాడు ఎదురుగా కూర్చుని చెవి నావైపు తిప్పి ఉన్నాడు. ఏమైందండీ, దిగానా అన్నాడు. దిగావు, అడుగున ఇనప్పెట్టె ఉంది, తాళం తీశావు అని చదివాను. వాడు తొడ చరిచి, అమ్మా, విన్నావా అని వీధికి వినపడేలా కేకేశాడు. అన్నమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు.

అదే ఊపులో నీ ఉత్తరం చివరి ముక్క ఉన్నదున్నట్టు చదివేశాను. ఇరవై ఏడో తారీకు శనివారం వాణ్ణి బాపట్ల తీసుకురండి, పక్కన కూర్చోబెట్టుకుని ఆడిస్తాను అన్న ముక్క. మార్చి చదవడానికి ఆర్నెల్లుగా అలవాటుపడ్డ నోరు అప్పుడే నిజం చెప్పింది. అప్పట్నుంచీ నీలం చొక్కా ఇస్త్రీ చేయించమని అన్నమ్మ ప్రాణం తీస్తున్నాడు. తెనాలిలో బండి మారాలిరా అని గుర్తుచేశాను. కళ్ళు పోయాక తెనాలి పేరెత్తితే లేచి వెళ్ళిపోయేవాడు. ఈసారి, మారదాం లెండి, అదెంతసేపు అన్నాడు.

నాకేం చెయ్యాలో తోచడం లేదు పూర్ణా. ప్రయాణం మానిపించే ధైర్యం లేదు. నిజం చెప్పే ధైర్యం అసలే లేదు. యాజకుణ్ణి దొంగగా మార్చడం కుదరదని నువ్వే రాశావు. కొత్తగా ఒక దొంగని మొదలుపెడదామంటే, ఈ ఆర్నెల్లలో ఆ ఆటలో వాడికి కుదిరిన స్నేహితులంతా యాజకుణ్ణి ఎరుగుదురు గాని దొంగని ఎరగరు. ఎటు చూసినా గోడే.

అందుకని సిగ్గు విడిచి అడుగుతున్నాను. ఆ శనివారం తెర మీద ఏమున్నా నువ్వూ నాలాగే చదువు. దొంగ పెట్టె ఎత్తుకుని బావిలోంచి పైకి ఎక్కాడని చెప్పు. నువ్వేం టైపు చేస్తావో వాడికి కనపడదు. ఈ మాట రాస్తుంటే నామీద నాకే అసహ్యం వేస్తోంది, అయినా రాస్తున్నాను.

మీ అమ్మగారికి మా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
ఎప్పుడూ నీ మేలు కోరే
ముత్తయ్య.

తా.క.: ఉత్తరం మడిచి కవరులో పెట్టబోతుంటే బర్నబాసు గోడ తడుముకుంటూ లోపలికి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. పూర్ణ అదృష్టవంతుడండీ నాన్నగారూ, ఆనాడు నాకూ ఆ కంప్యూటరు సీటు వచ్చుంటే ఈపాటికి ఈ ఆట నేనే టైపు చేసుకునేవాణ్ణి అన్నాడు. నేను బాధపడ్డాననుకున్నాడు కాబోలు, సీటు రాకపోతే మీరు మాత్రం ఏం చేస్తారు లెండి అని నా మోకాలి మీద చెయ్యి వేశాడు.

సీటు రాకపోవడం కాదు పూర్ణా. పది పాసైన ఏడు పాలిటెక్నిక్ దరఖాస్తు కింద వాడు సంతకం ఒక్కటే పెట్టి, మీ దస్తూరి బాగుంటుంది, పైన మీరు నింపండి అని నాకిచ్చాడు. కంప్యూటరు కోర్సు అని రాయమన్నాడు. నేను ఆటోమొబైలు అని రాశాను. కంప్యూటర్లు నాలుగు రోజుల ముచ్చట, బండ్లు బాగుచేసేవాడికి కూటికి లోటుండదు అనుకున్నాను. నీకు కంప్యూటరు సీటు వచ్చింది, నీకంటే ఎక్కువ మార్కులు వచ్చినా వాడికి రాలేదని ఇంట్లో చెప్పాను. మాస్టారు చెప్పాడు కనక వాడు నమ్మాడు. ఆ చదువే వాణ్ణి తెనాలి షెడ్డుకు తీసుకుపోయింది.

పైన నేను అడిగింది చెయ్యకు. ఆ శనివారం కంప్యూటరు వెయ్యకముందు, ఈ ఉత్తరం తారీకు దగ్గర్నుంచి ఇక్కడిదాకా వాడికి చదివి వినిపించు. నేను చదివితే మళ్ళీ ఎక్కడో ఒకచోట మారుస్తాను. నేను ఆ పక్కనే కూర్చుని ఉంటాను. మధ్యలో ఆపమంటాను. ఆపొద్దు.