ఫోన్లో కబడ్డీకి లైసెన్సు

బురైదా, 3వ తేదీ

జెద్దా ఆస్పత్రిలో అందరికీ సూదులు పొడిచే మా వదిన రెబెక్కా గారికి, ఖర్జూరం తోట నుంచి మీ మరిది దానం వందనాలతో రాసేది.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేంటని విస్తుపోకండి. సంగతి ఫోన్ గురించే. దాని ముందు దాని సంగతి మాట్లాడకూడదని ఇలా రాస్తున్నాను. జెద్దాకి ఖర్జూరం తోలే లారీ డ్రైవర్ అల్లాబకాష్ ఈ ఉత్తరం తెస్తాడు. జవాబు కూడా అతనికే ఇవ్వండి.

మా గదిలో ఐదుగురం. నా ఫోన్ని మేకుకి తగిలించి క్రికెట్, కబడ్డీ అన్నీ లైవ్ చూస్తాం. మొన్న మా ఉదయకిరణ్ ఒక బాంబు వేశాడు. వాళ్ళక్క ఇంగ్లండులో ఉంటుంది. అక్కడ ఫోన్లో లైవ్ చూసినా టీవీ లైసెన్సు ఉండాలట, లేకపోతే జరిమానా అట. "అక్కడే అట్టా ఉంటే ఇక్కడ ఊరుకుంటారా మావా?" అన్నాడు. అప్పట్నుంచి నాకు ముద్ద దిగట్లేదు. ఈ నెలాఖరున ఇంటికి వెళ్ళి రావడానికి ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా అడిగి ఉన్నాను. మధ్యలో కేసు పడితే రెండేళ్ళ ఎదురుచూపు మట్టిలో కలుస్తుంది. కాస్త కనుక్కోండి.

ఇట్లు,
భయంతో దానం

తా.క.: మేకుకి లైసెన్సు అక్కర్లేదనుకుంటాను. అదీ కనుక్కోండి.


జెద్దా, 5వ తేదీ

ట్రాక్టరుకి తప్ప దేనికీ భయపడడనుకున్న మా దానానికి వదిన దీవెనలు.

కనుక్కున్నాను. లైసెన్సు తప్పకుండా ఉండాలి. ఒక్కడివే చూస్తే చిన్న లైసెన్సు చాలు. ఐదుగురు కలిసి చూస్తే బస్సు లైసెన్సు. ఔటైనప్పుడు గంతులేసేవాళ్ళు ఎగ్జిట్ కోసం విడిగా అర్జీ పెట్టుకోవాలి. పరీక్ష కూడా ఉంటుంది. అంపైర్ని తిట్టకుండా పది ఓవర్లు చూడాలి. నువ్వు తప్పుతావు.

నీ వీసా, ఆ తోట రెండూ మీ కఫీల్ చేతిలోవేగా, ఆయన్ని అడుగు, ఆయనే ఇప్పిస్తాడు. నా డ్యూటీకి వేళయింది.

ఉంటాను మరి,
రెబెక్కా

తా.క.: నిద్రలో "పట్టుకో, పట్టుకో" అని అరిచినా లైవ్ కిందే లెక్క. నోటికి తువ్వాలు కట్టుకుని పడుకో.


బురైదా, 10వ తేదీ

వదిన గారికి, తువ్వాలు కట్టుకున్న నోటితో దానం నమస్కారాలు.

మీరు చెప్పినట్టే కఫీల్ అబూ ఫహద్ దగ్గరికి వెళ్ళాను. లైసెన్సుని అరబ్బీలో రుక్సా అంటారు కదా. వచ్చీరాని భాషలో "బాబా, టీవీ రుక్సా లాజిమ్" అన్నాను, కావాలని. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "బస్, మాఫీ ముష్కిల్", ఏం ఫర్వాలేదులే అని భుజం తట్టాడు. పని అయిపోయిందని గది దాకా పాడుకుంటూ వచ్చాను.

మర్నాడు పొద్దున్నే పికప్‌లో ఒక టీవీ దిగింది! తలుపంత టీవీ! వాళ్ళింట్లో పాతదట. ఉదయకిరణ్ నెత్తి కొట్టుకున్నాడు. "రుక్సా అంటే లైసెన్సు, రఖీస్ అంటే చవక. నీ నోట్లో రెండూ ఒకటే పలుకుతాయి మావా. చవక టీవీ కావాలన్నావని ఊరికే ఇచ్చేశాడు ఆయన."

అప్పుడు ఫోనొక్కటే. ఇప్పుడు కిటికీలోంచి చూసినా కనపడేంత సాక్ష్యం గోడకి వేలాడుతోంది. ఫోన్ ఆపేసి బియ్యం డబ్బాలో పూడ్చాను. ఇంటికి ఉదయకిరణ్ ఫోన్ నుంచి మాట్లాడుతున్నాను.

అసలు బాధ ఇది వదినా. 16న, శుక్రవారం, మన క్రిస్టీనా జిల్లాల కబడ్డీ ఫైనల్ ఆడుతోంది. ఒంగోలు నుంచి ఎవరో యూట్యూబ్‌లో లైవ్ ఇస్తారట. దానికి పదమూడేళ్ళప్పుడు వచ్చాను, ఇప్పుడు పదిహేను. అది ఆడటం నేను ఒక్కసారీ చూడలేదు. "చూస్తావా నాన్నా?" అని అడిగింది. పని ఉందమ్మా అన్నాను. చూస్తే కేసు. కేసైతే ఇంటికి వెళ్ళడమే ఉండదు. అందుకని చూడను.

ఇట్లు,
దానం

తా.క.: టీవీ మీద దుప్పటి కప్పాం. అయినా దాని ఎర్ర దీపం దుప్పట్లోంచి నన్నే చూస్తోంది.


జెద్దా, 12వ తేదీ

మరిదీ, ఈ ఉత్తరం నిలబడి చదవకు, కూర్చో.

లైసెన్సు లేదు, పాడూ లేదు! నేను ఆటపట్టించాను. బస్సు లైసెన్సు అన్నప్పుడైనా నవ్వుతావనుకున్నాను. నువ్వు నిజమనుకుని పిల్ల ఆట వదులుకుంటున్నావని చదివి డ్యూటీ మధ్యలోనే బయటికి పరిగెత్తాను. నీకు ఫోన్ చేస్తే అది బియ్యంలో ఉందాయె.

ఇంగ్లండులో ఆ లైసెన్సు ఉన్నమాట నిజం. ఇక్కడ మనకి అలాంటిదేమీ లేదు. నా మాట నమ్మవని మా వార్డులో ఆపరేషనైన ఒక వకీలుగారిని కూడా అడిగాను. ఆయన నవ్వీ నవ్వీ, "సిస్టర్, కుట్లు ఊడితే నీదే పూచీ" అన్నాడు.

దుప్పటి తియ్యి. ఫోన్ తియ్యి. పిల్లని చూడు.

తప్పు చేసిన మీ వదిన,
రెబెక్కా

తా.క.: వండుకునే ముందు బియ్యంలో చెయ్యి పెట్టి చూసుకోండి. ఫోన్ ఉడికితే దానికి నా దగ్గర వైద్యం లేదు.


బురైదా, 17వ తేదీ

వదినా, మీ మీద కోపం మూడు గంటలు ఉంది. ఆట మొదలవగానే పోయింది.

నిన్న ఫోన్ని టీవీకి కలిపి కూర్చున్నాం. క్రిస్టీనా కనపడింది. ఎంత పొడుగైందో! నేను కొన్న గౌన్లు దాని చేతికి కూడా పట్టవు. ఇంతలో అబూ ఫహద్ టీవీ ఎలా ఉందో చూద్దామని గావా కాఫీ కూజాతో వచ్చాడు. "బింతీ, నా కూతురు" అని చూపించాను. ఆయన నేల మీదే చతికిలబడ్డాడు. అది కూతకి వెళ్ళినప్పుడల్లా నా మోచెయ్యి పట్టుకుని, "ఈ పిల్ల ఊపిరి ఎప్పుడు తీసుకుంటుంది?" అని ఒకటే కంగారు.

ఇంకా ఆరు నిమిషాలున్నాయనగా బొమ్మ ఆగిపోయింది. మా ఐదుగురి గుండెలూ ఆగాయి. ఉదయకిరణ్ లేచి తలుపు గడియ పెట్టాడు. అంతలో మీ చెల్లెలు సారా వీడియో కాల్. "ఏవండీ, లైవ్ ఇచ్చేవాళ్ళకి పర్మిషన్ లేదంట! కెమెరా దింపించేశారు!" చూసే మాకు కాదు వదినా, చూపించేవాడికి లేదు లైసెన్సు!

మిగతా ఆట సారా ఫోన్లో చూశాను. చూశానంటే, ముప్పాతిక వంతు సారా బొటనవేలు చూశాను. ఆఖరి కూతకి మన పిల్లే వెళ్ళిందట. సారా గంతేసింది, ఫోన్ కింద పడింది. నాకు షామియానా గుడ్డ, కేకలు, అంతే. మా గదిలో అందరం లేచి నిలబడి ఆ గుడ్డకేసి చూస్తున్నాం.

తర్వాత చెమటతో క్రిస్టీనా ముఖం. "నాన్నా, చూశావా?"

"మొత్తం చూశానమ్మా. నువ్వు గీత ముట్టుకున్నప్పుడు అందరం చప్పట్లు కొట్టాం."

"ముట్టుకోలేదు నాన్నా. పట్టేసుకున్నారు. ఓడిపోయాం."

నేను నాలుక కరుచుకున్నాను. అది మాత్రం విరగబడి నవ్వింది. ఓడినా తనని రాష్ట్ర జట్టు శిక్షణకి తీసుకున్నారట. పక్కనుంచి అబూ ఫహద్ "ఎందుకు ఏడుస్తున్నావు, ఓడారా?" అని అడిగాడు. గెలిచామని చెప్పాను. ఆ సంతోషంలో ఎగ్జిట్ రీ-ఎంట్రీ అక్కడే తన ఫోన్లో నొక్కేశాడు.

ఇట్లు,
28న విమానం ఎక్కబోతున్న దానం

తా.క.: పిల్ల ఒక్క షరతు పెట్టింది. "వచ్చి చూడు నాన్నా, కానీ నేను కూత పెట్టేప్పుడు నా పేరు పెట్టి అరవకు. నవ్వొచ్చి ఊపిరి తెగుద్ది." ఒట్టు, అరవనని చెప్పాను. అది కూడా అబద్ధమే.