దీవిలో విడిపోయిన ఇంటిపేరు

12 మార్చి 1994, శనివారం

ఇంటిపేర్లు వేరే కదా అని నా బిడ్డ సుజాత పెళ్లి ఖాయం చేశాను. పెళ్లికి ముందు వంశం చెప్పించడం మా ఆనవాయితీ. పటాన్‌చెరులో డ్యూటీ దిగి రాగానే, మా వంశం కథ చెప్పే మల్లయ్య ముందు కూర్చున్నాను. మంజీర నడుమ దీవిలో మా పెద్దలు బతికిన కాలం దాకా వచ్చి ఆగిపోయాడు.

"పటేలా, గా దీవిల అన్నదమ్ములు కొట్లాడి విడిపోయిండ్రు. చిన్నోడు ఒడ్డుకొచ్చి ఇంటిపేరు మార్చుకున్నడు. పెండ్లి పిల్లగాడు ఆయన వంశమే."

అంటే, సుజాతకు అన్న వరుస!

"ఎవ్వలకు చెప్పకు మల్లయ్యా."

"రేపు వాళ్లింట్ల గూడ నేనే చెప్పాలె. గక్కడ ఎట్ల దాటేయాలె?"

అప్పుడే సుజాత బజారు నుంచి స్టీలు బిందె తెచ్చింది. దాని మీద అత్తింటి ఇంటిపేరుతో తన పేరు కొట్టించుకుంది.

"మంచిగుందా నాయినా?"

మంచిగుందన్నాను.