సుజాత బొమ్మలో చీపురు

శుక్రవారం, చేవెళ్ల

ఈరోజు నా క్లాసులోనే నేను ఓడిపోయాను. ఓడిపోయి ఇంత సంతోషపడటం ఇదే మొదటిసారి.

పదో తరగతి ఆడపిల్లలను 'పదేళ్ల తర్వాత నేను' అని బొమ్మ గీయమన్నాను. దాదాపు అందరూ ఫోన్ రీల్స్‌లో చూసినవే గీశారు. యాంకర్లు, మేకప్ ఆర్టిస్టులు, ఎయిర్‌హోస్టెస్‌లు. హిమాయత్‌నగర్ అనే పల్లె నుంచి షేర్ ఆటోలో వచ్చే సుజాత మాత్రం చందనవెల్లి డేటా సెంటర్ గేటు గీసి, దాని ముందు చీపురు పట్టుకున్న మనిషిని నిలబెట్టింది. వాళ్లమ్మ అక్కడే ఊడుస్తుంది. నా మనసు చివుక్కుమంది.

"మళ్లీ అమ్మ పనేనా? బాగా చదివితే నువ్వూ టీచర్ కావచ్చు కదా," అన్నాను.

సుజాత లేచి నిలబడింది. "అది చీపురు కాదు మేడం, కేబుళ్ల కట్ట. నేను ఇంజినీర్‌నయిత. మిషన్లు వేడెక్కకుండ చూస్త. హెల్మెట్ పెట్టుకున్న ఇంజినీర్ మేడం ఒకామె ఆడ ఉన్నదంట. మా అమ్మ చూసొచ్చి, 'నువ్వు గట్ల కావాలె బిడ్డా' అన్నది. గామె రీల్స్‌ల రాదు మేడం. ఊడ్వనీకి పోయినందుకే మా అమ్మకు కనబడ్డది."

క్లాసంతా చప్పట్లు. నేనూ అరచేతులు మండేదాకా కొట్టాను.

కానీ ఇన్నేళ్లలో ఇంకెంతమంది చేతుల్లో లేని చీపుర్లు చూశానో...

బెల్ కొట్టాక, మేకప్ బొమ్మ గీసిన రజిత నా దగ్గరకు వచ్చింది.

"మేడం, ఇంకో కాగితం ఇస్తరా?"

ఆమె వెనకాల మిగతా పిల్లలు అప్పటికే లైను కట్టేశారు.