బ్యాటరీలు నువ్వొచ్చాకే కలుపుదాం

అమ్మాయీ,

కారు సౌండు సిస్టమ్‌కి తెచ్చిన రెండు లిథియం బ్యాటరీలనీ నువ్వు చెప్పినట్టే విడివిడిగా ఛార్జి చేశాను. మీటరులో రెండూ సమానంగా చూపించాయి. కలపడం మాత్రం నీ చేతిమీదుగానే జరగాలి. మావాడు ఫ్యూజుని బ్యాటరీకి దూరంగా బిగించబోతే, "అది బ్యాటరీ పక్కనే ఉండాలని మీ ఆవిడ చెప్పింది, వైరు అంటుకుంటే కారే పోతుంది, చెయ్యి తియ్యరా" అన్నాను. మూతి ముడుచుకుని ఆఫీసుకి పోయాడు. నేనూ డ్యూటీకి వెళ్తున్నాను. భోజనం మూతపెట్టాను, తిన్నాకే పని మొదలుపెట్టు.

అత్తయ్య

అన్నట్టు, నిన్న పాత బ్యాటరీతోనే నువ్వు పాట పెట్టి చూస్తుంటే, చెవులు పూర్తిగా పోయిన మీ మామయ్య కారు తలుపు మీద అరచెయ్యి ఆనించి, ఆ అదురుకి తగ్గట్టు రెండో చేత్తో తాళం వేశారు. లోపలికొచ్చి, "కోడలు పిల్ల నాకు పాట వినిపించిందే" అని కళ్లు తుడుచుకున్నారు. నీతో చెప్పొద్దన్నారు గానీ, నేనాగలేకపోయాను.