‘లోపలి గడియ’లో మూడు పేజీలు

చిత్తూరు,
18 ఆగస్టు 2024.

గౌరవనీయులైన ఏకాంబరం సారుకు,

మీరు కులాసాగా ఉన్నారని తలుస్తూ చంద్రకాంతమ్మ నమస్కరించి రాయునది. నేను మీకు గుర్తుండకపోవచ్చు. ముప్పై ఏడేళ్ల కిందట మీ నవల ‘లోపలి గడియ’ను వరదయ్య గారి ప్రెస్సులో అక్షరం అక్షరం ఏరి కంపోజ్ చేసింది నేనే.

వరదయ్య గారు పోయిన నెల కాలం చేశారు. చివరి రోజుల్లో నేనే వెళ్లి గంజి తాగించి వచ్చేదాన్ని. “డబ్బుకు ఆశపడి బూతు కలిపినానని సారు ఇంకా అనుకుంటా ఉండాడా?” అని రెండుసార్లు అడిగారు. నేను గిన్నె కడిగి పెట్టి వచ్చేశాను.

మొన్న తిరుపతి నుంచి కిరణ్ అనే పబ్లిషరు పాత ప్రతి కోసం వచ్చాడు. నా దగ్గరున్నది ఇచ్చాను. “ఆ మూడు పేజీల కోసమే మళ్లీ వేస్తా ఉండానమ్మా. మొగుడు పోయిన ఆడదాని కోరికను అట్లా రాసినోళ్లు లేరు. సారేమో అవి నావి కావు, తీసెయ్ అంటాడు” అన్నాడు.

తీయించకండి సార్.

అప్పుడు మీరు కాలు విరిగి, పుత్తూరు కట్టుతో మంచం మీద ఉన్నారు. చివరి ప్రూఫు చూడలేదు. వరదయ్య గారు సిరా, కాగితం చూసేవారే గానీ చదివేవారు కాదు. పుస్తకం వచ్చాక ఎవరో ఫిర్యాదు చేస్తే మిమ్మల్ని బడి నుంచి సస్పెండ్ చేశారు. మీరు కర్ర ఊతంతో వచ్చి ఆయన్ను నిలదీశారు. “నా బిడ్డల మీద ఒట్టు సార్, ఒక్క అచ్చరం కలపలేదు” అని ఆయన ఏడ్చినా మీరు నమ్మలేదు.

ఇప్పుడు ఆ ప్రెస్సు గదిలో సెల్‌ఫోన్లు బాగుచేస్తారు. నేను ఒక్కదాన్నే ఉంటున్నాను. రోజూ పేపరు పైకి చదువుకుంటూ అచ్చుతప్పులు దిద్దుతాను. వాటిని చూపించడానికి ఎవరూ లేరు.

ఇట్లు,
చంద్రకాంతమ్మ

తా.క.: ఆ పేజీలు నావి. నా ఇరవై మూడో ఏట మా ఆయన పోయారు. మీ నవల చేతికి వచ్చేనాటికి నాలుగేళ్లయింది. మీరు మొగుడు పోయిన నాగవేణిని గదిలోకి పంపి, గడియ వేయించి, చుక్కలు పెట్టి తప్పుకున్నారు. ఆ చుక్కల దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. లోపల ఏమవుతుందో నాకు తెలుసు. ఆమె తన ఒంటిని తాను తాకడం, పోయిన మొగుణ్ని కాక పక్కింటి మనిషిని తలుచుకోవడం, సిగ్గుపడకపోవడం, అన్నీ ఎదుట కాగితం లేకుండానే సీసం అక్షరాల్లో పేర్చేశాను. చదివి, ఎవరు రాశారని మీరు అడుగుతారనుకున్నాను. మీరు వచ్చిన రోజు కూలి పోతుందన్న భయంతో నోరు విప్పలేదు. ఈ మాటే కిరణ్‌కూ రాశాను. ఆ పేజీలకు నా పేరు వెయ్యమన్నాను. అడగడానికి ఎవరైనా వస్తే ఇంట్లోనే ఉంటాను.